కుడిచేతి పక్క, మోకాలి ఎత్తున

నిన్న పొద్దున మదనపల్లె టమోటా మార్కెట్టు దగ్గర ఒక గూడ్సు ఆటో మీద కప్పిన ఫ్లెక్సీ చూసి ఆగిపోయాను. క్రేట్లలో కాయలకు ఎండ తగలకుండా కప్పినట్టున్నారు. రంగు వెలిసిపోయినా మొహాలు ఇంకా ఆనవాలు పట్టేట్టే ఉన్నాయి. నడిమధ్యలో పెద్ద సార్, తెల్ల నిక్కరు, చేతిలో రాకెట్. ఆయన భుజం కింద ఊరి టెన్నిస్ క్లబ్బు సెక్రెటరీ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. అడుగున "మా క్లబ్బు ఆణిముత్యానికి అభినందనలు" అని బంగారు రంగు అక్షరాలు. ఆ ఆణిముత్యం బొమ్మ ఉండవలసిన మూలలో మాత్రం చదరంగా ఒక కంత. అందులోంచి టమోటాలు కనిపిస్తున్నాయి.

ఆ కంతలో ఎవరి మొహం ఉండేదో నాకు తెలుసు. ఆటో ఎవరిదో కూడా తెలుసు. డ్రైవరు టీకి పోయాడని పక్క బండివాడు చెప్పాడు. కూరగాయల సంచీ కింద పెట్టి, ఒక ఖాళీ క్రేటు తిరగేసి, దాని మీద కూర్చున్నాను. చూసిన దాన్ని చూడనట్టు ఇంటికి పోవడం నా వల్ల కాలేదు.

నేను లెక్కల టీచర్ని. టెన్నిస్‌కూ నాకూ ఏ సంబంధమూ లేదు. ఆడపిల్లలు పోటీలకు పొరుగూరు పోతే వెంట ఒక టీచరమ్మ ఉండాలని నిబంధన. మా హైస్కూల్లో మిగతా టీచర్లకు ఇళ్ళలో పసిపిల్లలున్నారు, నాకు మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేమీ లేవు కాబట్టి హెడ్‌మాస్టరు ప్రతిసారీ నన్నే పంపేవాడు. అట్లా ఆ కంతలో మొహం ఉండాల్సిన పిల్ల నా పాలబడింది, నేను ఆ పిల్ల పాలబడ్డాను.

తొమ్మిదో తరగతిలో మా స్కూలుకు వచ్చినప్పుడు దాని చేతులు తక్కిన ఒంటికంటే ముందే పెరిగిపోయి, ఎవరివో తెచ్చి అతికించినట్టుండేవి. జుట్టు రిబ్బనుతో కాదు, టమోటా క్రేట్లకు బిగించే పచ్చ ప్లాస్టిక్ పట్టీతో కట్టుకునేది. వాళ్ళ నాయన పాత సాక్సు కోసి మణికట్టుకు తొడుక్కునేది. సర్వీసు చేసే ముందు రాకెట్‌తో బూటు అంచును తట్టి మట్టి రాల్చుకునేది. సిమెంటు కోర్టులో కూడా, రాల్చడానికి మట్టే లేని చోట కూడా తట్టేది. క్లాసులో నేను ఏదైనా అడిగినా లేచి నిలబడి ముందు చెప్పు అంచును స్కేలుతో తట్టేది. పిల్లలు నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది కాని టీచర్ని కదా, కసురుకునేదాన్ని.

అన్నింటికంటే వింత దాని "ఔట్". బాలు గీత దాటి పడితే చూపుడువేలు పైకెత్తి, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని "ఔట్" అనేది. కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాళ్ళను నేను చాలామందినే చూశాను గాని, ముందు సరిగ్గా చూసి ఆ తర్వాత మూసుకునే మనిషిని చూడలేదు. ఒకసారి అడిగాను.

"యాలమ్మా, అట్ల కండ్లు మూసుకుంటావు?"

"బాలు యాడ పడిందో ఆడే పడింది మేడం. అది సూసినాక కండ్లతో ఇంకేం పని? తెరిసి పెట్టుకుంటే ఎదురుంగా ఎవురుండారో కనపడతాది. అప్పుడు నోరు రాదు."

ఆ మాటకు అర్థం నాకు ఊరి క్లబ్బులో తెలిసింది. మా స్కూల్లో కోర్టు లేదు. ఊళ్ళో ఉన్న మట్టికోర్టు క్లబ్బుది. పొద్దున్నే పిల్లలు వచ్చి కోర్టు ఊడ్చి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీస్తే, సభ్యులు ఆడుకున్న తర్వాత వాళ్ళను ఆడుకోనిస్తారు. గీతలు గీసే పని ఆ పిల్లది. మూలలు వంకర పోతున్నాయని నా దగ్గరకొచ్చి అడిగితే తాడుతో లంబకోణ త్రిభుజం చేయడం చూపించాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఆ పాఠాన్ని పరీక్షకు కాకుండా నిజమైన పనికి వాడుకున్నది అదొక్కతే.

ఊడ్చడం, గీయడం వరకూ సరే. ఇంకో పని ఉండేది. దాన్ని క్లబ్బులో "సార్‌కు బాలు ఇవ్వడం" అనేవాళ్ళు. ఒక రోజు స్పెషల్ క్లాసుకు పిల్లను పిలుచుకుపోదామని వెళ్ళి నా కళ్ళతో చూశాను. ఇటు పక్క పెద్ద సార్. ఆయన ఏ కుర్చీలో కూర్చునే సారో నేను చెప్పను, ఊళ్ళో అందరూ ఆయన్ను చూస్తే లేచి నిలబడేవాళ్ళు, అంతవరకు చాలు. అటు పక్క ఆ పిల్ల. ఆయన కాలు కదిపేవాడు కాదు. కదపవలసిన అవసరం లేకుండా ఆయన కుడిచేతి పక్కకు, సరిగ్గా మోకాలి ఎత్తున బాలు వచ్చి ఆగినట్టు వచ్చేది. ఆయన చెయ్యి ఊపేవాడు. తగిలేది. "షాట్ సార్!" అని చుట్టూ కుర్చీల్లోంచి కేకలు, చప్పట్లు. బాలు ఎక్కడ పడిందో ఎవరూ చూసేవాళ్ళు కాదు. వెనక గోడకు తగిలినా "షాట్ సార్!" అనేవాళ్ళు. డాక్టర్లు, వకీళ్ళు, పిల్లలకు నీతులు చెప్పే పెద్దమనుషులు. నాకు రోత పుట్టింది. ఎంగిలాకు ఎత్తమన్నా అంత రోత పుట్టేది కాదేమో.

సెక్రెటరీ టమోటా మండీ యజమాని. ఆ పిల్ల నాయన ఆటోకు లోడ్లు ఆ మండీ నుంచే. సెక్రెటరీ చిన్నపిల్లలను వరసగా నిలబెట్టి ఆ విద్య నేర్పేవాడు.

"సార్‌కు కుడిచేతి పక్క, మోకాలెత్తున. ఎడమపక్కకు పోగూడదు. అర్థమాయనా? అక్కను సూసి నేర్చుకోండి."

అక్క మరి అందరికంటే బాగా ఇచ్చేది. ఎందుకంటే సెక్రెటరీ దానికి ఒక ఆశ చూపించాడు. బెంగుళూరులో ఒక కాలేజీ ఉంది, ఆటగాళ్ళకు సీటు, హాస్టలు అన్నీ వాళ్ళే ఇస్తారు, సార్ ఒక్క మాట చెప్తే చాలు అని. మా స్కూల్లోనే ఇంటర్ కూడా పెట్టడంతో అది ఇంకో రెండేళ్ళు మా దగ్గరే ఉండిపోయింది. స్కూలు జట్టుకు కెప్టెన్ అయింది. అంతకాలమూ పొద్దున లేచి, ఆ కాలేజీ కోసం, ఆ మోకాలి ఎత్తు బాలు ఇస్తూనే ఉంది. "ఆడ కోర్టుకు చుట్టూ లైట్లుంటాయంట మేడం" అని నాకు చెప్పేది. "కోచ్ ఉంటాదంట, మనం తప్పు కొడితే తప్పని చెప్తాదంట." తప్పును తప్పని చెప్పే మనిషి ఒకరు దొరకడమే దానికి స్వర్గం.

ఆ ఇవ్వడం ఖరీదు ఏమిటో పుంగనూరులో బయటపడింది. అక్కడ డివిజన్ పోటీ. ఎదురుగా ఒక బక్కపిల్ల, పరుగు కూడా సరిగా రాదు. మనమ్మాయి ఆ పిల్లను కోర్టు ఒక మూలకు తరిమి, రెండో మూలంతా ఖాళీ చేసి, తీరా బాలును మళ్ళీ ఆ పిల్ల కుడిచేతికే అందించేది. ఒకసారి కాదు, పదే పదే. టెన్నిస్ రాని నాకే ఒళ్ళు మండిపోయింది. సెట్టు ఓడిపోయి నీళ్ళకు వచ్చినప్పుడు అడిగాను.

"ఆ పక్కంతా అంత ఖాళీగా ఉంటే మళ్ళా మళ్ళా ఆ పిల్ల ముందరికే కొడతాండావేమి?"

"నేను కొట్టలేదు మేడం. చెయ్యి కొడతాండాది." సాక్సు తొడిగిన మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని చూసుకుంటోంది. "ఖాళీ నాకూ కనపడతాండాది. ఆడికే కొట్టాలనుకుంటా. బాలు దగ్గరికొచ్చేతలికి సార్‌కిచ్చినట్టు ఇచ్చేస్తాండాది. కుడిచేతి పక్క, మోకాలెత్తున. చెప్తే ఇనదు."

ఒక ముసలి శరీరానికి పొద్దుపోవడం కోసం ఒక ఎదిగే పిల్ల చేతిని ఇట్లా మచ్చిక చేసి పెట్టారు. తర్వాత ఏం చేసిందో, బూటు అంచు రెండుసార్లు తట్టుకుని పోయి, ఎట్లాగో మిగిలిన రెండు సెట్లూ లాక్కొచ్చింది. గెలిచింది గాని ఆ సంతోషం దాని మొహాన లేదు. తిరుగుప్రయాణంలో బస్సులో అంది: "రేపు పొద్దన్నే క్లబ్బుకు రాండి మేడం. రవ్వంత పనుండాది."

వెళ్ళాను. చిన్నపిల్లలందరినీ గేటు దగ్గర నిలబెట్టి చెప్తోంది.

"ఈపొద్దు నుంచి ఎవురూ బాలు ఇయ్యొద్దు. ఆడండి. ఎదురుంగా ఎవురున్నా సరే, ఆడండి."

పెద్ద సార్ వచ్చాడు, నిలబడ్డాడు, చెయ్యి ఊపడానికి సిద్ధమయ్యాడు. బాలు ఎడమపక్క పోయింది. ఆయన గాలిని కొట్టాడు. ఇంకోటి ఎడమపక్క. ఇంకోటి. కుర్చీల్లో ఒక్కరూ నోరు మెదపలేదు. చివరికి ఆయన పరుగులాంటిదేదో చేసి ఒక బాలును అందుకుని కొట్టాడు. అది గీతకు జానెడు బయట పడింది. "షాట్ సార్!" అని కుర్చీలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. అప్పుడా పిల్ల వేలు పైకెత్తి కళ్ళు మూసుకుంది.

"ఔట్ సార్."

"లైను మీద పడింది గదా పాపా," అన్నాడు సెక్రెటరీ, గొంతులో బెల్లం కలుపుకుని.

"లైను నేనే గీసినాను సార్. బాలు యాడ పడిందో ఆడే పడింది."

కంచె అవతల ఉన్న చిన్నపిల్లలు ఒక్కొక్కరే వేళ్ళు పైకెత్తారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా బతుకులో నేను చూసిన మంచి క్లాసు అదే, కాకపోతే అది నాది కాదు.

మర్నాటి నుంచి క్లబ్బు గేటుకు తాళం. "కోర్టు మరమ్మతు" అని బోర్డు. లోపల బాలు చప్పుడు వినిపిస్తూనే ఉండేది. ఆ వారంలోనే పిల్ల నాయన ఆటోకు మండీ లోడ్లు తగ్గిపోయాయి. ఆయన స్కూలుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, పాపకు మీరన్నా చెప్పండి. పెద్దాయనకు రొండు బాళ్ళు ఇస్తే మన సొమ్మేం పోతాది? కాలేజీ సీటు గదా."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన్ను అట్లా నిలబెట్టిన వాళ్ళ మీద వచ్చింది.

పిల్ల మాత్రం స్కూలు మైదానంలో సొంతంగా కోర్టు వేసింది. టమోటా తోటల్లో మొక్కలకు ఊతంగా పాతే కర్రలు రెండు తెచ్చి, పాత వాలీబాల్ నెట్టును కిందికి కట్టి, నా తాడుతో మూలలు తీసి, సున్నం పోసింది. అటు వైపు ఎడమ మూలలో ఒక ఖాళీ క్రేటు పెట్టి, అందులో బాలు పడేదాకా కొట్టేది, పడ్డాక కూడా కొట్టేది. చిన్నపిల్లల చేత కూడా కొట్టించేది. ఎవరైనా పొరపాటున కుడిపక్కకు మెత్తగా ఇస్తే అరిచేది. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకనాడు నాతో "చెయ్యి మాట ఇంటాండాది మేడం" అని చెప్పింది. అంత పెద్ద పిల్ల, ఆ మాట చెప్పడానికి స్టాఫ్ రూముకు పరుగెత్తుకుంటూ వచ్చింది.

తర్వాత కుప్పం. రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు అక్కడే. బెంగుళూరు కాలేజీ కోచ్ మేడం కూడా పిల్లలను చూడటానికి వచ్చింది. పొద్దుటి ఆటల్లో మనమ్మాయి ఇద్దరిని గుక్క తిప్పుకోనివ్వలేదు. కోచ్ మేడం నల్ల కళ్ళద్దాలు తీసి మరీ చూసింది. మధ్యాహ్నం ఆఖరి ఆట. మొదటి సెట్టు మనది. రెండో సెట్టు సగంలో ఉండగా గేటు దగ్గర గడబిడ. ముఖ్య అతిథి వచ్చాడు. పెద్ద సార్.

ఆట ఆపేశారు. శాలువా, పూలదండ, ఫోటోలు. ఇంతవరకూ మన ప్రాంతంలో మామూలే. ఆ తర్వాత నిర్వాహకుల్లో ఒకాయన మైకులో, "సార్ స్వయంగా మంచి క్రీడాకారులు, పిల్లలను ఉత్సాహపరచడానికి నాలుగు షాట్లు కొడతారు" అన్నాడు. కోర్టులో చేతిలో రాకెట్‌తో నిలబడి ఉన్నది మనమ్మాయి. "పాపా, సార్‌కు బాలు ఇయ్యమ్మా."

అది నా వైపు చూసింది. తర్వాత ఆట చూడటానికి ఆటోలో వచ్చి గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళ నాయన వైపు చూసింది. ఆయన దూరం నుంచే రెండు చేతులూ జోడించాడు, గలాటా చెయ్యొద్దని. పెద్ద సార్ పక్కనే కోచ్ మేడం నిలబడి నవ్వుతోంది. కాలేజీ మొత్తం ఆ నవ్వులో ఉన్నట్టే.

ఇచ్చింది. కుడిచేతి పక్క, మోకాలి ఎత్తున. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. "షాట్ సార్!" కుప్పంలో కూడా ఆ కేక అచ్చం అట్లాగే ఉంది. కెమెరాలు మెరిశాయి. సార్ తువ్వాలుతో మొహం తుడుచుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఆట మళ్ళీ మొదలైంది. బూటు తట్టుకోవడం మరిచిపోయింది. నెలల తరబడి క్రేటు మీద గురి పెట్టి సరి చేసుకున్న చెయ్యి ఆ కాసేపట్లో పాత దారిన పోయింది. ఎదుటి పిల్ల ఎటు పరుగెత్తినా బాలు వెతుక్కుంటూ దాని కుడిచేతికే పోయింది. రెండో సెట్టు పోయింది, మూడోది కూడా పోయింది. ముందు వరసలోంచి పెద్ద సార్ ఎదుటి పిల్లకు చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్ల చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కంపరం.

అయిపోయాక కోచ్ మేడం వచ్చి దాని భుజం తట్టింది. ఆమె కన్నడం కలిసిన తెలుగులో, "నిన్ను టీములో తీసుకోవడానికి ఆగల్ల, కుదరదు. కాని సార్‌కు బాల్ ఇచ్చావు చూడు, ఏం కంట్రోల్! మా హుడుగీలకు, అదే మా పిల్లలకు, ప్రాక్టీసులో బాల్ ఇవ్వడానికి ఒకరు కావాలి. దానికి వస్తే సీటు, హాస్టలు నేను మాట్లాడతాను" అంది.

పెద్ద సార్ విరగబడి నవ్వాడు. "సూసినావా, మన క్లబ్బు ట్రైనింగ్!"

తప్పును తప్పని చెప్తుందని పిల్ల కలలు కన్న కోచ్ ఈమే. మెచ్చుకోవడానికి ఆమెకు దొరికింది ఆ ఒక్కటే. అక్కడే ఉమ్మేయాలనిపించింది నాకు.

పిల్ల నెమ్మదిగానే అడిగింది. "మీ టీము పిల్లతో నన్ను ఒక్క సెట్టు ఆడనిస్తారా మేడం? గెలిస్తే టీములోకి తీసుకోండి."

కోచ్ మేడం గడియారం చూసుకుంది. "అదంతా ఇల్ల అమ్మా. టైము లేదు."

"అట్లయితే నేను రాను మేడం. ఇచ్చే పని ఇంక సెయ్యను."

కుప్పం నుంచి పలమనేరు దాకా బస్సులో ఏడవలేదు. పుంగనూరు దాటాక తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఇది నా చెయ్యి గాదేమో అనిపిస్తాండాది మేడం" అంది. నేను ఆ చేతిని పట్టుకుని మదనపల్లె వచ్చేదాకా వదల్లేదు.

పిల్ల వద్దని వచ్చేసిన మర్నాడే ఊరి సర్కిల్లో ఫ్లెక్సీ లేచింది. "బెంగుళూరు కాలేజీకి ఎంపికైన మా క్లబ్బు ఆణిముత్యానికి అభినందనలు." మూడు నిలువుల ఎత్తున సార్, నడుమెత్తున సెక్రెటరీ, మూలలో పాసుపోర్టు ఫోటో అంత ఈ పిల్ల. ఆ కాలేజీకి పోలేదని అందరికీ తెలిసినా ఎవరూ తీయలేదు. తీస్తే సార్ బొమ్మ కూడా తీసినట్టవుతుంది కదా. పాపం ఆ పిల్ల బస్టాండుకు పోవాలంటే దాని కిందినుంచే పోవాలి. తర్వాత కుప్పంలోనే మామూలుగా మార్కుల మీద డిగ్రీలో చేరిందని విన్నాను. అంతవరకే నాకు తెలుసు.

మార్కెట్టులో ఆటో దగ్గరికి పిల్ల నాయన టీ తాగి వచ్చాడు. నన్ను చూసి భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"టీచరమ్మా! యాల ఈడ కూసున్నారు?"

"ఆ కంత చూస్తాండా అప్పా. ఎవురు కోసింది?"

"పాపే. గాలికి సినిగి కింద పడుంటే కప్పుకోను పనికొస్తాదని తెచ్చినా. బ్లేడు తీసుకోని తన మొగం కోసి పారేసి, ఇంక కప్పుకో నాయనా అనింది." కొంచెం సిగ్గుపడి ఆటో ముందు అద్దం వైపు చూపించాడు. "పారేసింది నేను ఏరుకున్నా." అద్దం మూలలో, స్టీరింగుకు ఎదురుగా, ఆ చదరపు ముక్క అంటించి ఉంది. పచ్చ పట్టీ కట్టిన జుట్టు కనిపిస్తోంది.

"ఆడతాండాదా ఇంకా?"

"ఆడతాండాదమ్మా. వాళ్ళ కాలేజీ టీములో ఉండాది. పోయిన నెల ఆ బెంగుళూరు కాలేజీ టీమే కుప్పానికొచ్చింది, వాళ్ళతోనే ఆడింది."

నేను క్రేటు మీదనుంచి లేచి నిలబడ్డాను. "గెలిచిందా?"

"ఓడిపాయెనమ్మా." తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అన్ని బాళ్ళూ ఎడమపక్కకే కొట్టిందంట. అవతల పిల్ల అది కనిపెట్టి, ముందరే పోయి ఆడ నిలబడుకునిందంట."

"కుడిపక్కంతా ఖాళీ గదప్పా అప్పుడు? ఆడికి కొట్టొచ్చు గదా?"

"నేనూ అదే అడిగినా. ఆడికి ఇంక చెయ్యి పోదు నాయనా, అనింది."

ఆయన తాళ్ళు బిగించుకుంటున్నాడు. ఫ్లెక్సీ మీద సార్ పళ్ళన్నీ బయటపెట్టి నన్నే చూస్తున్నాడు. నాకు పట్టలేక, "ఆ మొగాలు కిందికొచ్చేట్టు తిప్పి కప్పప్పా, సూడలేకుండా ఉండాను" అన్నాను.

ఆయన తాడు ముడి వేస్తూ తలెత్తకుండానే చెప్పాడు.

"వద్దు టీచరమ్మా. ఆ మొగాలు తగిలితే కాయలు కుళ్ళిపోతాయి."